కంప్యూటర్‌లో ఒక పగటి కాపురం

ఈ రోజు పొద్దున వేలూరులో మా వంటింట్లో కూర్చుని ముళ్ళ వంకాయలు తరుగుతుంటే గుడియాత్తం నుంచి పిన్నమ్మ ఫోన్ చేసింది. మామూలుగా అయితే ఎండ సంగతి, మోకాళ్ళ నొప్పి సంగతి, ఎదురింటివాళ్ళ కుక్క సంగతి అన్నీ అయ్యాక గాని ఆవిడ అసలు విషయానికి రాదు. ఇవాళ పలకరింపు కూడా లేదు. "మా, కంప్యూటర్ ఏందో అడుగుతాండాది. చదువుతా, విను" అని గడగడా చదివేసింది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ తయారవుతోందట, ఇంకా విడుదల కాలేదట, ముందుగా వాడి చూసి లోపాలు చెప్పేవాళ్ళలో మీరూ చేరతారా అని అడుగుతోందట. కింద రెండు బొత్తాలు ఉన్నాయట. "ఏది నొక్కేది?" అంది. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తరువాత కత్తి పక్కన పెట్టేశాను. ఎందుకో చెప్పాలంటే మా చిన్నాయన దగ్గర మొదలుపెట్టాలి.

చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, గుడియాత్తంలో ఇళ్ళు కట్టే మేస్త్రీగా మొదలై కాంట్రాక్టరు అయినవాడు. ఆయనకొక అలవాటు ఉండేది. ఇల్లు పూర్తయి, తాళంచెవి ఆసామి చేతిలో పెట్టేముందు, ఒక పగలంతా తనే ఆ ఇంట్లో ఉండేవాడు. పొద్దున్నే చాప, చెంబు, పెరుగన్నం గిన్నె పట్టుకుని వెళ్ళేవాడు. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పేవాడు. తలుపులన్నీ పదేపదే తెరిచి మూసేవాడు. మిద్దె మీద నీళ్ళు కట్టి, కింద గదిలో వెల్లకిలా పడుకుని పైకప్పు వంక చూసేవాడు. స్నానం చేసేవాడు, మధ్యాహ్నం కునుకు తీసేవాడు. కునుకు కూడా పనిలో భాగమే, కిటికీలోంచి ఎండ పడుకున్నవాడి మొహం మీద పడుతుందో లేదో చూడాలి కదా అనేవాడు. పొయ్యి మాత్రం వెలిగించేవాడు కాదు, పాలు పొంగించే హక్కు ఇంటివాళ్ళదే. దీనికి ఆయన పెట్టుకున్న పేరు పగటి కాపురం. సాయంత్రం బయటికి వచ్చి, ఎక్కడ ఏం సరిచేయాలో మేస్త్రీలకు చెప్పేవాడు. ఊళ్ళో మిగతా కాంట్రాక్టర్లు దీన్ని చూసి నవ్వేవాళ్ళు. మా పిన్నమ్మా నవ్వేది, కాని పెరుగన్నంలోకి మామిడికాయ ఊరగాయ మాత్రం మరిచిపోకుండా పెట్టేది.

నేను అప్పట్లో వేలూరులో పాత బస్‌స్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. నాకు వచ్చిన విద్య కొంచెం, దాన్ని చెప్పే గొంతు పెద్దది. ఆ గొంతుతోనే చిన్నాయనకు నడివయసులో కంప్యూటర్ మీద ఇంటి ప్లాన్లు గీయడం నేర్పాను. ఆయన నా కన్నా బాగా గీయడం మొదలుపెట్టాక నేర్పడం మానేశాను. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి తయారుచేసి ఉచితంగా ఇచ్చే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది, నేను దాని అభిమానిని. కొత్త కూర్పు బయటికి రాబోయే ముందు ఇష్టమున్నవాళ్ళు వాడి చూసి ఎక్కడ తిక్కగా ఉందో రాసి పంపాలి. ఒకసారి గుడియాత్తం వెళ్ళినప్పుడు ఈ సంగతి చెబితే చిన్నాయన కుర్చీలో ముందుకు జరిగాడు. "అంటే పగటి కాపురమే గదా మా! యాడ పెడదాం?" అన్నాడు.

ఎక్కడైనా పనికిరాని పాత కంప్యూటర్లో పెట్టి చూడాలి, రోజూ పనిచేసే దాంట్లో పెట్టకూడదు అని నియమం ఉందని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "ఖాళీ కొట్టంలో కాపురం పెడితే ఏం తెలుస్తాది? బిందెలు, పరుపులు, ముసిలోళ్ళు, బిడ్డలు అందురూ ఉండాల. అప్పుడే యాడ కారతాదో తెలిసేది. నా దాంట్లోనే పెట్టు" అన్నాడు. చిన్నాయనతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు. నాకూ లోపల ఆత్రంగానే ఉంది, ఆ మాట దాచడమెందుకు. ఆయన గీసిన పాత ప్లాన్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒక ఆదివారం పొద్దున ఆయన ఆఫీసులో, అంటే ఇంటి ముందుగదిలో, కొత్త సిస్టమ్ పెట్టేశాను.

బ్రహ్మాండంగా నడిచింది. చిన్నాయన ఇంట్లో కుళాయిలు తిప్పినట్టే ప్రతి బొమ్మనూ నొక్కి చూశాడు, ప్రతి కిటికీనీ మూసి తెరిచాడు. ఆ తరువాత పనిలో కూర్చున్నాడు. ఆంబూరులో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఆసామి ఇల్లు కట్టించుకుంటున్నాడు. మర్నాడే భూమిపూజ. ఆయన తల్లి ఆఖరి నిమిషంలో పూజగది ఈశాన్యానికి రావాలని పట్టుబట్టింది. పూజగది కదిలితే వంటిల్లు కదలాలి, వంటిల్లు కదిలితే మెట్లు కదలాలి. మధ్యాహ్నం దాకా తల వంచుకుని ప్లానంతా తిరగగీశాడు. సాయంత్రం మంచి గడియలో వాళ్ళు వచ్చి ఆ కాగితం తీసుకుపోయి, నాలుగు మూలలా పసుపు పెట్టి దేవుడి ముందు ఉంచాలి. మా వైపు అదొక పద్ధతి, పసుపు తగలని ప్లానుతో ఎవరూ గునపం దించరు. ఇన్నేళ్ళలో చిన్నాయన ఏ ఆసామికీ గడియ తప్పించలేదు. దానిమీదే ఆయన పేరు నిలబడింది.

భోజనం చేసి నేను లోపల నడుం వాల్చాను. చిన్నాయన వాల్చలేదు. ఒక గది మిగిలిపోయిందన్నట్టు సెట్టింగుల్లోకి పోయి అక్కడ భాషల వరుస చూశాడు. అందులో తెలుగు కనిపించింది. "మన బాస ఉండాది మా దీంట్లో! పెట్టేసినా!" అని అరుపు వినిపించి నేను బయటికి వచ్చేసరికి కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలవుతోంది. తెర వెలిగింది. తెర నిండా జిలేబీలు.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. తమిళ నేల మీద ఉన్న మా ఇళ్ళలో తెలుగు నోటితో పుట్టి నోటితోనే పెరుగుతుంది. బడి తమిళం, కాలేజీ ఇంగ్లీషు, పెళ్ళిపత్రిక సైతం తమిళంలోనే అచ్చు. తెలుగు అక్షరాలంటే నాకప్పటికి చిత్తూరు బస్సు నుదుటి మీద గుండ్రంగా కనిపించే బోర్డు మాత్రమే. ఆ బస్సునూ రంగు చూసే ఎక్కేదాన్ని. చిన్నాయనా అంతే. మన భాష పెట్టుకున్నానని సంబరపడిన మనిషి, ఒక్క ముక్క చదవలేక తెర ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

అంతటితో పోతే బాగుండేది. తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చి నిలబడింది. రెండు వరుసల రాత, కింద రెండు బొత్తాలు. అదేమిటో నాకు చూడగానే అర్థమైంది. చిన్నాయన పొద్దున గీసిందేదీ సేవ్ చేయలేదు. ఆ మార్పులు వెనక్కి కావాలా, పారేయాలా అని ప్రోగ్రామ్ అడుగుతోంది. ఒక బొత్తాం నొక్కితే ప్లాను వస్తుంది, రెండోది నొక్కితే గాలిలో కలిసిపోతుంది. ఏది ఏదో తెలియదు. నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి పాత ప్లాన్లు. సరిగ్గా అప్పుడే ఆంబూరు ఆసామి ఫోన్ చేసి, బయల్దేరాం, మా అమ్మ కూడా వస్తోంది అన్నాడు.

భాష మార్చేద్దాం అని ధైర్యంగా భాషల వరుసలోకి వెళ్ళాను. ఆ వరుసలో తమిళం, ఇంగ్లీషు, ప్రపంచంలోని భాషలన్నీ ఉన్నాయి, కాని అన్నిటి పేర్లూ తెలుగు అక్షరాల్లోనే! గుడ్డిగా ఒకటి నొక్కాను. కంప్యూటర్ ఆగి వెలిగింది. మళ్ళీ జిలేబీలే.

"మారలేదే" అన్నాను.

"మారినట్టే ఉండాది మా. ముందు ఇంత లావుగా లేవు."

"అవే చిన్నాయనా. గుండ్రంగానే ఉన్నాయి కదా."

"నువ్వు కంప్యూటర్ టీచరమ్మవి, నువ్వే చెప్పు" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి ఉందో భయం ఉందో తెలియలేదు. ఇద్దరం తెరకు ముక్కులు ఆనించి, ఇది అదేనా కాదా అని వాదించుకుంటుంటే పిన్నమ్మ కాఫీ లోటాలతో వచ్చింది. ఒక్కసారి తెర వంక చూసి, "ఏంది, కన్నడం పెట్టుకోనుండారు?" అంది.

ఇద్దరం వెనక్కి తిరిగాం. పిన్నమ్మ పుట్టిల్లు కుప్పం దగ్గర. అక్కడ బడిలో ఎనిమిది దాకా చదివింది, తెలుగులో. కోలారు పోయే బస్సుల బోర్డులు చూసి చూసి కన్నడమూ కాస్త పట్టుబడింది. ఇదంతా మాకు తెలియని విషయం కాదు. తెలిసి మరిచిపోయిన విషయం. ఆవిడ గుడియాత్తం కోడలయ్యాక ఈ ఇంట్లోకి తెలుగు కాగితం ఒక్కటీ రాలేదు. పాల లెక్క, రేషన్ కార్డు, మందు సీసా, అన్నీ తమిళం. అత్తగారింటికి వచ్చిన కొత్తలో ఆ తమిళం రాదని ఆవిడను అందరూ చదువురాని మనిషి కిందే జమకట్టారు. ఆవిడ తమిళం నేర్చుకుంది గాని, ఆ జమ మాత్రం ఎవరూ కొట్టేయలేదు.

పిన్నమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని కూర్చుంది. తెర మీద వేలు పెట్టి భాషల పేర్లు మెల్లగా చదువుతూ కిందికి దిగింది. "ఇదిగో, తమిళు" అంది. నా ప్రాణం లేచొచ్చింది. నొక్కబోతుంటే చిన్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు మా. తెలుగు యాడుందో చూడమను. అదే పెట్టు. మీ పిన్నమ్మ చదవని."

"చిన్నాయనా, వాళ్ళు బయల్దేరినారు. నల్ల నేరం, అదే వాళ్ళ మంచి గడియ, దాటిపోతాది" అన్నాను. నాకు నిజంగా కోపం వచ్చింది.

"పోతే పోనీ" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. "ఊరందురికీ ఇండ్లు కట్టిచ్చినా. ఈమెకు చదువుకోను ఒక అక్షరం తెచ్చి పెట్టలేదే ఇన్నేండ్లూ. చదవని."

పిన్నమ్మ తెర వైపే చూస్తోంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నేను తెలుగే నొక్కాను. కంప్యూటర్ మళ్ళీ ఆగి వెలిగింది, ఆ పెట్టె మళ్ళీ వచ్చి నిలబడింది. ఆవిడ గొంతు సవరించుకుని, క్లాసులో లేచి నిలబడిన పిల్లలా చదివింది. ఒక బొత్తాం మీద "పునరుద్ధరించు" అని ఉంది. రెండో దాని మీద "విస్మరించు" అని ఉంది.

"అంటే?" అన్నాం ఇద్దరమూ.

"నాకేం తెలుసు? చదవమంటే చదివినా. ఇట్లాంటి మాటలు మా ఊర్లో ఎవురూ మాట్లాడరు" అంది పిన్నమ్మ.

చదవగలిగిన మనిషికి అర్థం తెలియదు. అడుగుతున్నదేమిటో తెలిసిన నాకు అక్షరం తెలియదు. ఆసామి బండి ఈపాటికి సగం దారి దాటే ఉంటుంది. చిన్నాయన మొదటి మాటను మళ్ళీ చదవమన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. "ఉద్ధరించు అంటాండాది గదా? కోయిలకు, అదే గుడికి, జీర్ణోద్ధారణం చేస్తామే, పడిపోయినదాన్ని ఎత్తి నిలబెట్టేది. అనుమానమే లేదు, కండిప్పగా అదే. నొక్కు" అన్నాడు. నేను మాత్రం నొక్కలేదు, నా చేతికి అంత ధైర్యం లేదు. పిన్నమ్మే నొక్కింది.

ఒక క్షణం తెర తెల్లగా అయింది. ఆ తెలుపులో ముందు ఈశాన్యం మూల వచ్చింది. తరువాత పూజగది, వంటిల్లు, మెట్లు, ఒక్కొక్క గీతా దాని చోటికి వచ్చి నిలబడింది. చిన్నాయన చల్లారిపోయిన కాఫీ లోటా తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. "ముద్రించు" అంటే అచ్చేయడమని పిన్నమ్మే చెప్పింది. ఆంబూరు ముసలావిడ గడప దాటి లోపలికి వచ్చేసరికి కాగితం ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని కళ్ళకద్దుకుని తీసుకుపోయింది.

ఆ సాయంత్రం చిన్నాయన లోపాలు చెబితే నేను ఇంగ్లీషులో రాసి పంపాను. ఒకటి, భాషల పేర్లు ఏ భాషది ఆ భాష అక్షరాల్లో ఉండాలి. "లోపలోడికి తలుపు తీసే దారి కనిపించకపోతే అది ఇల్లు కాదు, జైలు అని రాయి" అన్నాడు, అలాగే రాశాను. రెండోది పిన్నమ్మది. విస్మరించు తీసేసి వదిలేయి అని పెట్టమని. ఎక్కడో ఏ దేశంలోనో ఉన్న ఒకాయన ధన్యవాదాలు చెప్పాడు. విడుదలైన కూర్పులో భాషల వరుస తెరిస్తే ప్రతి పేరూ దాని సొంత అక్షరాల్లో ఉంది. ఇంటికి ఎవరు వచ్చినా చిన్నాయన దాన్ని తెరిచి చూపించి, "ఆ తలుపు నేను పెట్టించింది" అనేవాడు. పిన్నమ్మ కోరికకు మాత్రం ఇంతవరకు జవాబు లేదు.

కంప్యూటర్‌ను మళ్ళీ తమిళంలోకి మార్చలేదు. అ ఆ ల కన్నా ముందు మా ఇద్దరికీ తెరువు, మూసివేయి వచ్చాయి. ఇద్దరు మొండి శిష్యులను ముందు కూర్చోబెట్టుకుని పిన్నమ్మ నేర్పింది. నేను ఇలా నాలుగు ముక్కలు రాసే దాకా వచ్చాను. చిన్నాయన ఒత్తుల దగ్గర ఆగిపోయాడు. "అక్షరం కింద అవి వేలాడతాంటే సెంట్రింగ్ ఊడిన స్లాబు మాదిరి భయమేస్తాది మా" అనేవాడు. ఆయన పోయాక ఆ కంప్యూటర్ పిన్నమ్మది అయింది. ఇప్పుడు అందులో ఆవిడ పేపర్లు, కథలు, కనపడిందల్లా చదువుతుంది.

"ఏది నొక్కేదో చెప్పవేం మా?" అని ఫోన్లో పిన్నమ్మ విసుక్కుంది. రెండు బొత్తాల మీదా ఏముందో మళ్ళీ చదవమన్నాను. చదివింది. చేరతాను అన్నదాన్ని నొక్కమన్నాను. "అయితే సరి. ఈ రోజుకు నేను పగటి కాపురానికి పోతాండా. సాయంత్రం దాకా ఫోన్ చేయొద్దు" అని పెట్టేసింది. వంకాయలు నీళ్ళలో తేలుతున్నాయి, నేను అలాగే కూర్చున్నాను. ఎవరి చేతిలో తాళంచెవి పెట్టాలన్నా ముందు ఒక పగలు తానుండి చూసిన మనిషి ఆయన. కాలం అంత ఓపిక గల మేస్త్రీ కాదు. చిన్నాయన లేని ఇంట్లో ఎవరమూ ఒక్క పగలైనా ముందుగా ఉండి చూడలేదు, నేరుగా కాపురానికే వచ్చేశాం.