బడి తాళంచెవి మీద కూర్చున్న పెట్ట

ఇప్పటి అయ్యవార్లకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో పల్లెలో బడి అంటే ఒక గది, ఒక నల్లబల్ల, ఒక తాళం. తాళంచెవి పోతే గదీ పోయినట్టే, నల్లబల్లా పోయినట్టే. ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో, పంతొమ్మిదేళ్ళ ప్రొద్దుటూరు పిల్లగాణ్ణి, సింహాద్రిపురం అవతల బస్సు కూడా పోని ఒక పల్లెలో తాత్కాలిక అయ్యవారిగా చేరాను. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి బాగుందని రాస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే మూటాముల్లె సర్దుకుని ఇంటికి. అట్లాంటి ఉద్యోగాన్ని ఒక కోడిపెట్ట కోసం ఒడ్డినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అనుకుంటాను. ఇందులో తప్పు నాది కాదు. అందరూ నాదే అన్నారు, అది వేరే మాట.

నేను ఒక ముసలామె ఇంటి ముందుగదిలో ఉండేవాణ్ణి. ఊరంతా ఆమెను జేజి అనేది, నేనూ అట్లాగే అనేవాణ్ణి. జమ్మలమడుగులో ఉన్న కూతురికి కాన్పు రోజులని బయల్దేరుతూ, ఒక గంప తెచ్చి నా గది మూలన పెట్టింది. గంపలో గడ్డి, గడ్డిలో పదకొండు గుడ్లు, వాటి మీద ఒక నల్ల పెట్ట.

"అయ్యోరూ, ఇది నిన్ననే గుడ్ల మీద కూసున్నాది. దినానికొక తూరి లేస్తాది. ఇన్ని జొన్నలు, ఇన్ని నీళ్ళు పెట్టు, అంతే" అంది.

"నాకు కోళ్ళ సంగతి తెలీదు జేజీ" అన్నాను.

"ఇంత సదువుకున్నోనివి, కోడికి తెలిసినంత నీకు తెలీదా?" (ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.) లోపలి గదులన్నీ తాళం వేసి, వాకిలి దాటబోతూ మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఉరిమితే మాత్రం గంపలో ఇనుము పెట్టు, మర్చిపోవాకు. లేకుంటే గుడ్లన్నీ మురిగిపోతాయి. పుట్టబోయే బిడ్డ ఆడుకుంటాదని పెట్టినా ఈ గుడ్లు." మాటిచ్చాను. ఆ మాటే నా కొంప ముంచింది.

ఆ పెట్టకు నేనంటే పూచికపుల్లంత మర్యాద లేదు. అద్దె కట్టేది నేను, గది దానిది. పుస్తకంలో పేజీ తిప్పితే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమనేది. దగ్గాలంటే బయటికి పోయి దగ్గి రావలసి వచ్చేది. దినానికొక తూరి లేవడం నిజమే, కానీ లేచిన ప్రతి తూరీ నా హాజరుపట్టీ మీద దాని హాజరు కూడా వేసి పోయేది. ఎదురింటి అత్తతో మొరపెట్టుకుంటే, "తల్లి కాబోతాండాది కదప్పా, నువ్వే సర్దుకోవల్ల" అని తేల్చేసింది. నాకు జ్వరమొచ్చినప్పుడు తొంగిచూడని ఊరు, పెట్ట మేత తిన్నదా లేదా అని రోజూ వాకిట్లోకొచ్చి అడిగిపోయేది!

పెట్ట గుడ్ల మీద కూర్చున్న ఇరవయ్యో నాటి సాయంత్రం మబ్బు కమ్మింది. ఆ పొద్దున్నే బడిలో పిల్లలకు, ఉరుముకూ గుడ్డుకూ సంబంధం లేదు, అదంతా మూఢనమ్మకం అని బల్ల గుద్ది చెప్పి ఉన్నాను. మొదటి ఉరుము ఉరిమిందో లేదో ఎదురింటి అత్త అరిచింది: "అయ్యోరూ! ఇనుము పెట్టినావా?" కొడవలీ గడ్డపారా జేజి తాళం వేసిన గదిలో ఉన్నాయి. నా పెట్టె రేకుది, అది గంపలో పట్టదు. రెండో ఉరుముకు జేజికిచ్చిన మాట గుర్తొచ్చింది. జేబులో చెయ్యి పెడితే బడి తాళంచెవి తగిలింది, జానెడు ఇనుము. నా సైన్సునంతా మింగేసి, దాన్ని పెట్ట కిందికి తోశాను. పొడిపించుకున్నాను కూడా. తెల్లారి అది మేతకు లేస్తుంది కదా, అప్పుడు తీసుకోవచ్చనుకున్నాను. చివరి రోజుల్లో పెట్ట లేవనే లేవదని ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు!

తెల్లారేసరికి ఇన్‌స్పెక్టరు ఊళ్ళోకి దిగాడు. కోస్తా మనిషి, ఎద్దుల బండిలో ఒళ్ళు హూనమై ఉన్నాడు. బడికి తాళం చూసి నేరుగా నా గదికే వచ్చాడు.

"ఏమండీ మాస్టారూ, తాళంచెవి ఎక్కడండీ?"

"గుడ్ల కింద ఉంది సార్."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే తియ్యండి మరి."

గంప దగ్గరికి వంగాను. పొడుస్తుందని తెలిసి చెయ్యి చాపాను, రక్తం వచ్చేలా పొడిచింది. అయినా వదలకుండా పెట్టను ఎత్తబోయాను. అప్పుడు వినిపించింది, పెంకు లోపల నుంచి సన్నగా కీచుమని. వాకిట్లో నిలబడ్డ అత్త గుండెలు బాదుకుంది: "వద్దు నాయినా! పిల్లలు తీసే పొద్దది. ఇప్పుడు లేపితే మళ్ళా కూసోదు, తడి పిల్లలు సల్లబడి సస్తాయి!"

వెనక ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటున్నాడు. నా ఉద్యోగం నా అరచేతికి బెత్తెడు దూరంలో, గడ్డిలో ఉంది. అది నాకు తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఇప్పుడు కాదు సార్" అన్నాను. నా నోరేనా అది అనిపించింది. ఆయన అరుగు మీదే కూర్చుని, "తాళంచెవిపై కోడి పొదుగుచున్నందున పాఠశాల తెరువబడలేదు" అని రాసి, నా చేతే సంతకం పెట్టించుకుని, బండెక్కాడు. ఉద్యోగం మాత్రం పోలేదు. నా గొప్ప చూసి కాదు లెండి, ఆ పల్లెకు రావడానికి ఇంకొకడు ఒప్పుకోక!

పదకొండుకు పదకొండూ పిల్లలయ్యాయి. జేజి తిరిగొచ్చి, మనవరాలు పుట్టిందని చెప్పి, పిల్లల్ని లెక్కబెట్టి, పెట్టను ఒళ్ళో పెట్టుకుని ముద్దు చేసింది. "ఎంత కష్టపడినావు తల్లీ" అంది. పెట్టతో! నేను కట్టుగట్టిన చేత్తో పక్కనే నిలబడి ఉన్నాను. అడక్కుండా ఉండలేక, "మరి నేను?" అన్నాను. "నువ్వేం చేసినావప్పా? పొదిగింది అది కదా!"

ఆనాటి నుంచి నేను ఆ ఊరికి కోడయ్యోరినయ్యాను. ఎంత కసిరినా, బెత్తం చూపించినా ఆ పేరు పోలేదు. తర్వాత ఎన్నో బళ్ళు మారాను, హెడ్మాస్టరునై రిటైరయ్యాను. మొన్న పులివెందుల బస్టాండులో ఎవరో వెనకనుంచి "హెడ్మాస్టరు గారూ" అని రెండుసార్లు పిలిచారట, నాకు వినపడలేదు, చెవులు మందగించాయి. అప్పుడు "కోడయ్యోరూ!" అన్నారు. "ఎవురది?" అని కోపంగా, ఠక్కున తిరిగాను. నెరిసిన జుట్టుతో ఒక ఆడమనిషి నవ్వుతూ నిలబడి ఉంది. "నేను సార్, జేజి మనవరాల్ని. ఆ కోళ్ళ వెంటపడి ఆడుకున్నదాన్ని."