గీడ్నే చైర్మన్

ఎర్రగట్టు మున్సిపల్ చైర్మన్ బీరన్నకు దూరం లెక్క తెల్వది. ఏ ఊరి పేరడిగినా ఆయన నోట్లకెళ్లి వచ్చేది ఒక్కటే మాట: "గీడ్నే", అంటే ఇక్కడ్నే. నల్లగొండ గీడ్నే. ఆత్మకూర్ గీడ్నే. ఆలంపూర్ జోగులాంబ గుడి అయితే, "గీడ్నే, కిష్ణ దాటంగనే." ముప్పై ఏండ్లు గొర్ల మంద ఎనక నల్లమల దాకా కాలినడకన పోయొచ్చిన మనిషికి లోకమంతా పక్కిల్లే. ఒకపారి అత్తగారింటికొచ్చిన కొత్తల్లుడు పానగల్ గుడికి తొవ్వ అడిగిండు. "గీడ్నే బిడ్డా, బండెందుకు" అన్నడు బీరన్న. పొద్దున బయల్దేరిన అల్లుడు మాపటికి చేరిండు. చేరి, దేవునికంటే ముందు నల్లాకు దండం పెట్టిండు.

గసొంటి మనిషి చైర్మన్ అయితే ఏమైతదో ఎర్రగట్టు జనం అనుకోలేదు. ప్రతి బుధవారం ఒక గల్లీల సభ పెడతడు. ఎవరన్న లేచి "మా మురికి మోరి నిండిందన్నా" అన్నరో, తను కూడ లేస్తడు. "పా, చూపియ్యి, గీడ్నే గదా." సభ మొత్తం లేవాలె. ఇగ ఆదివారం ఊరి శివార్ల నడక. పైపులు, చెలకల తొవ్వలు, ఊరవతలి గూడేలు, అన్నీ కాలినడకనే. ఆర్నెల్లల్ల ఫిర్యాదులు సగానికి సగం తగ్గినయి. సమస్యలు తీరి కొన్ని, నడవలేక కొన్ని.

నిహారిక కమిషనర్‌గా వచ్చిన మొదటి వారమే బిల్ కలెక్టర్ సైదులు చెవిల వేసిండు.

"మేడం, సాబ్ మాటకు ఒక లెక్కుంది. ఉత్త గీడ్నే అంటే మూడు కిలోమీటర్లు. జర గీడ్నే అంటే ఐదు. గదిగో గీడ్నే అని చెయ్యి చూపిచ్చిండనుకో, సెలవు పెట్టుండ్రి."

నిహారికకు ఇది మొదటి ఉద్యోగం. పుట్టి పెరిగింది మహబూబ్‌నగర్ టౌన్ల. సైదులు ఎకసెక్కాలాడుతున్నడనుకుంది. ఆదివారం పొద్దున బీరన్న చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి, "ట్యాంకు కాడ పైపు కారుతాందట మేడం. గదిగో గీడ్నే. చాయ్ సల్లారక ముందే వద్దాం" అని చెయ్యి చూపిచ్చిండు. ఆమె పట్టీల చెప్పుల్తోనే బయల్దేరింది.

గుట్టెక్కిన్రు, దిగిన్రు. కంది చెలక దాటిన్రు. రెండో గుట్ట కాడ చెప్పు పట్టీ తెగింది. బీరన్న తన కిర్రు చెప్పులు విడిచి ఆమె ముందు పెట్టిండు. ఒక్కో చెప్పు ఒక్కో పడవంత ఉంది. అడుగు తీసి అడుగు వేస్తే కిర్రు కిర్రుమని గుట్ట అవతలికి ఇనబడుతాంది. ఆయన మాత్రం ఉత్త కాళ్లతోని పల్లేరు ముండ్ల మీద చాప మీద నడిచినట్టు పోతున్నడు.

"మీకు కుచ్చుకోవా సార్?"

"ముప్పై ఏండ్ల దోస్తానా మేడం. నా కాలు గవి గుర్తుపడ్తయి."

తిరిగొచ్చేసరికి పగటి పన్నెండయింది. ఆ చాయ్‌ల మూడు ఈగలు పడి ఉన్నయి.

ఎదుటి పార్టీ కౌన్సిలర్ నరేశ్ కథ ఇంక సక్కగుంటది. ఆ పైపు ఇంక బాగుచెయ్యలేదని ఎనిమిదిమందిని ఏసుకొని, జెండాలు పట్టుకొని ఆఫీసు ముందర ధర్నాకొచ్చిండు. బీరన్న బయటికొచ్చి, "నువ్వు చెప్పింది నిజమే నరేశ్. పైపు కాడికే పోయి అడుగు, నేను సుత నీ ఎంట నినాదమిస్త. గీడ్నే" అన్నడు. నరేశ్‌కు వద్దనే సందు దొరకలే. మొదటి గుట్ట కాడికి నినాదాలు బందైనయి. రెండో గుట్ట కాడికి జెండాలు చేతికర్రలైనయి. పైపు కాడికి చేరింది ముగ్గురే. ఆ ముగ్గురూ కారుతున్న పైపు కిందనే దోసిళ్లు పట్టి కడుపునిండ నీళ్లు తాగిన్రు. "పైపు గింత కారుడు మంచిదేనే" అన్నడు నరేశ్, మూతి తుడుసుకుంట.

గిట్ల నవ్వులాటల్ల రోజులు పోతాంటే దవాఖాన ఫైలు వచ్చింది. మున్సిపాలిటీకి ఒక చిన్న దవాఖాన మంజూరైంది. ఒక నర్సు, రెండు మంచాలు. బస్టాండు కాడ పెట్టాలని నరేశ్. ఊళ్లె కొత్తగా కలిపిన తుమ్మలగూడెంల పెట్టాలని బీరన్న. రికార్డుల తుమ్మలగూడెం ఒకటిన్నర కిలోమీటరు అని ఉంది. నిహారిక అది చూసి, గంత దగ్గరైతే నడిచి రావచ్చని, బస్టాండే అని రాసి పంపింది. ఆ సంగతి చెప్పినప్పుడు బీరన్న మొఖంల నవ్వు పోవుడు ఆమె మొదటిసారి చూసింది. ఆయన "జాగా చూసే ఆఫీసర్ ఎప్పుడొస్తడు మేడం" అని అడిగిండు.

ఆఫీసర్ కృష్ణకాంత్ ఆదివారమే వచ్చిండు. నున్నగ ఇస్త్రీ చేసిన బట్టలు, నల్లటి బూట్లు. బస్టాండు జాగా చూసి, కాయితం మీద సంతకం పెట్టబోతాంటే బీరన్న చేతులు జోడిచ్చిండు.

"సార్, గూడెం గూడ ఒకపారి చూసి పెట్టుండ్రి. గాడికి జీపు పోదు గని, గదిగో, గీడ్నే."

చెయ్యి చూపిచ్చుడు చూసి సైదులు నిహారిక దిక్కు చూసిండు. నిహారిక కాన్వాసు బూట్ల తాళ్లు ముడేసుకుంది.

కృష్ణకాంత్ ఫోన్ల అడుగుల లెక్క ఉంటది. మొదట్ల దాన్ని చూసుకుంట హుషారుగనే నడిచిండు. అరగంటకు కోటు సైదులు భుజం మీదికొచ్చింది. వాగు ఒడ్డుకు బూట్లు చేతికొచ్చినయి. నీళ్లు మోకాళ్ల దాక ఉన్నయి. "ఇంకెంత దూరం" అని అడిగినప్పుడల్లా బీరన్న అదే మాట. ఐదోసారికి కృష్ణకాంత్ వాగు నడుమల నిలబడిపోయిండు.

"ఏం గీడ్నే అండీ? నాలుగున్నర కిలోమీటర్లయింది. ఇదిగో నా ఫోన్ల ఉంది. దీన్ని ఒకటిన్నర అని రాసినోళ్లెవరు?"

"గది జర రాసియ్యుండ్రి సార్" అన్నడు బీరన్న మెల్లగ. "నేను చెప్తే ఎవ్వరు నమ్మరు. నాకు అన్నీ గీడ్నే అని ఊరంత తెలుసు."

కృష్ణకాంత్ ఆయనను చూసిండు, ఫోను చూసిండు, చేతుల ఉన్న బూట్లు చూసిండు. పడీ పడీ నవ్విండు. నిహారిక ఎనక్కి తిరిగి వచ్చిన తొవ్వ దిక్కు చూసింది. తను కాయితం మీద ఒక్క నిమిషంల దాటిన దూరమిది.

గూడెంల గోపమ్మ అనే ముసలామె నులక మంచమేసి, కృష్ణకాంత్ కాళ్లకు తొట్టిల ఉడుకునీళ్లు పెట్టింది. ఆయన ఆ మంచం మీదనే కూసొని రిపోర్టు రాయబట్టిండు. గోపమ్మ కోడలు స్వరూప నిహారికకు మజ్జిగ తెచ్చిచ్చి పక్కన కూసుంది.

"బీరన్న మామ ఇంక గీడ్నే అంటనే ఉన్నడా మేడం? గా మాట నాతోనే మొదలైంది. నాలుగేండ్ల కింద నాకు నొప్పులొస్తే వాగు నిండ పారుతాంది. అంబులెన్సు ఎర్రగట్టు కాడనే ఆగింది. మామ మందను ఒడ్డున ఇడిసిపెట్టి, గొంగడిల నన్ను పండబెట్టి, మా ఇంటోళ్లు ముగ్గురు, తను మోసుకపోయిన్రు. ఇంకెంత దూరం మామా అని నేను ఏడుస్తాంటే, గీడ్నే బిడ్డా, గీడ్నే అన్నడు. నేను నమ్మిన. ఆ దినం మామయి మూడు గొర్లు వాగుల కొట్టుకపోయినయి. ఒక్కనాడు మాతోని అనలే."

ఆమె బిడ్డ మనీష అప్పటికే కృష్ణకాంత్ బూట్లు తన కాళ్లకేసుకొని వాకిలంత తిరుగుతాంది.

తిరుగు తొవ్వల నిహారిక బీరన్న పక్కకు చేరింది.

"సార్, మీకు నిజంగనే దూరం తెల్వదా?"

బీరన్న నడుసుకుంటనే చెప్పిండు.

"గూడెం నుంచి అంబులెన్సు కాడికి ఏడువేల రెండు వందల పది అడుగులు బిడ్డా. లెక్కబెట్టుకుంట మోసిన. నూరడుగులకొకపారి గీడ్నే అన్న."

"మరి అందరికీ గట్లనే ఎందుకు చెప్తరు?"

"నిజం చెప్తే నా ఎంబడి ఎవరొస్తరు?"

మూడు నెలలకు గూడెంల దవాఖాన తెరిచిన్రు. రిబ్బను స్వరూప కత్తిరిచ్చింది. నరేశ్ సుత వచ్చి, మెట్ల మీద కూసొని పిక్కలు ఒత్తుకుంటున్నడు. చైర్మన్ మాత్రం కనబడలే. ఎటు పోయిండని నిహారిక బయటికొచ్చి చూస్తే, వాగు ఎంబడి ఇద్దరు మనుషులు పైకి పోతున్నరు. ముందర బీరన్న. ఎనక, కొత్త వంతెనకు జాగా చూస్తానికి వచ్చిన ఇంజనీరు, ఒంటికాలు మీద గెంతుకుంట, బూట్ల పడ్డ రాయిని దులుపుతున్నడు.

నర్సు పూజ కిటికీలకెళ్లి అది చూసి, ఎవరూ చెప్పకముందే పెద్ద గిన్నెల నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది.