జయంతి జాకెట్టు

గంగమ్మ జాతరకు భార్య చీర కట్టుకుని, భార్య జాకెట్టు తొడుక్కుని ఆడవేషంలో వస్తానని మునిశేఖర్ మొక్కుకున్నాడు. జయంతికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరుగుతుంటే ఆస్పత్రి వరండాలో నిలబడి మొక్కిన మొక్కు అది. ఆమె బతికింది. తిరుపతిలో జాతరకు మగవాళ్లు చీర కట్టడం కొత్తేమీ కాదు. అయినా ఈ మీసాల ఆటో డ్రైవరు కడుతున్నాడంటే వీధంతా సంబరపడింది.

జయంతి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. బక్కవాళ్లను నిండుగా, బొద్దువాళ్లను నాజూగ్గా చూపించే కత్తిరింపు ఆమెది. ఆపరేషన్ తర్వాత తన ఒంటిని మాత్రం మొగుడికి కూడా చూపించలేదు. అయ్యగారూ చూడబోలేదు. ఆమె మనసు నొప్పించకూడదనే తల తిప్పుకుంటున్నానని సర్దిచెప్పుకున్నాడు గానీ, అది ఉత్త భయం.

జాతరకు ఆమె అతని కొలతలకు కొత్త జాకెట్టు కుట్టింది. "పాతవి నీకెందుకు? ఇదే తొడుక్కో" అని గట్టిగా చెప్పి, అంబలి పోయడానికి గుడికి వెళ్లింది. మొక్కు తప్పితే అమ్మకు కోపమొస్తుందని మునిశేఖర్ ఆమె జాకెట్టే తీసి తొడుక్కున్నాడు.

వసారాలో స్నేహితులు చేరారు. వాళ్లలో దేవరాజులు జాకెట్టులో గుడ్డలు కుక్కబోయి ఆగాడు.

"ఇదేందప్పా, ఒగ పక్క ముందే ఉండాదే!"

మునిశేఖర్ చెయ్యి పెట్టి లాగాడు. లోపలి కుట్లు తెగి, మెత్తటి గుడ్డలో చుట్టిన దూది ఉండ బయటికొచ్చింది. బరువు కోసం కాబోలు, అందులో గుప్పెడు ఆవాలు. ఏదో కొత్త ఫ్యాషన్ అనుకున్నాడు మహానుభావుడు.

"పట్టుకోప్పా, మా ఇంటామె టైలరింగు!" అని విసిరాడు. దేవరాజులు దాన్ని ఎదకు ఆనించుకుని నడుము తిప్పాడు. అందరికంటే గట్టిగా నవ్వింది మునిశేఖరే.

గుమ్మం దగ్గర జయంతి నిలబడి ఉంది. ఆమె చెయ్యి దానంతటదే కొంగును ఎడమవైపుకు లాక్కుంది. అప్పుడు అర్థమైంది అతనికి. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఏడాదిగా పక్కనే పడుకున్న మనిషి ఏం పోగొట్టుకుందో తాను చూడలేదు, దాన్ని ఎలా దాచుకుందో నలుగురికీ చూపించాడు.

"నాకీ వేషం వద్దే. తీసేస్తా" అన్నాడు.

"నా పానానికి మొక్కింది. తీర్చకుంటే ఎట్ట? కదలకుండా నిలబడు."

దేవరాజులు చేతిలోంచి ఆ ఉండ తీసుకుని, మొగుడి జాకెట్టులో దాని చోట పెట్టి, పిన్నీసు గుచ్చింది. అతని ముఖంలోకి ఒక్కసారీ చూడలేదు.

"పోయిరా. నేను రాను" అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మునిశేఖర్ నడిచాడు. రెండు చేతులతో కొంగు ఎద మీదికి కప్పుకున్నాడు. తల ఎత్తలేదు. కాటుక చెంపల మీదికి కారుతోంది. డప్పులు మోగుతున్నాయి, జనం ఫోన్లలో ఫొటోలు తీస్తున్నారు.

"సూడమ్మే, ఎంత సిగ్గుపడతా ఉండాడో!" అని మురిసిపోయింది దారి పక్కన ఒక ముసలామె. "అచ్చం ఆడమనిషే!"