గంధం గిన్నె, ఆఫీసు లాప్‌టాప్

పద్దెనిమిది మంది పిల్లలు, టీచరైన మా అక్క, ఆయా మునెమ్మ, నేను. చాప మీద పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన మగ్గంలో అటూ ఇటూ నూలు తిప్పే నాడె, కత్తెర, స్పానరు, గరిటె. వాటి చివర నా ఆఫీసు లాప్‌టాప్. పోయినేడు ఆయుధ పూజకు ముందురోజు, తిరుత్తణిలో మా అక్క నడిపే పసిపిల్లల బడిలో ఉన్నది ఇంతే.

ఇంజనీరునని అక్క ఆ రోజు పాఠం నాకు అప్పగించింది. "మనకోసం పని చేసే ప్రతిదానికీ గంధం బొట్టు పెట్టాలి" అని చెప్పాను. పిల్లలు నాడెతో మొదలుపెట్టి గరిటె దాకా వచ్చారు. మళ్లీ వేళ్లు గంధం గిన్నెలో ముంచి, అందరూ ఒక్కసారిగా కీబోర్డు మీదికి వంగారు. గంధం లోపలికి దిగితే ఆఫీసులో నా గతేమిటి? లాప్‌టాప్ లాక్కుని నెత్తిన పెట్టుకున్నాను.

"దీనికి వద్దు!"

"అయితే ఇది పని చెయ్యదా అన్నా?" అని అడిగింది నేతవాళ్ల పాప దేవి. నేను లాప్‌టాప్‌ను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

దేవి చుట్టూ చూసింది. నేల తుడుస్తున్న మునెమ్మ దగ్గరికి పోయి ఆమె చేతికి బొట్టు పెట్టింది. మిగతా పిల్లలూ వెనకే వరస కట్టారు.

"అయ్యో, నా చేతులకు ఏందికి కన్నా!" అంటూనే మునెమ్మ చేతులు చీరకు తుడుచుకుని ముందుకు చాపింది.

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏంరా ఇంజనీరూ, నీకు ఒగురు కూడా పెట్టలేదే!"

పాఠం చెప్పింది నేనే అయినా, అర్థమైంది పిల్లలకే. మునెమ్మ చేతుల మీద పద్దెనిమిది బొట్లు. లాప్‌టాప్ మీద సున్నా. నా మీద సున్నా.