రెండో గది చీటీ

మా ఆసుపత్రిలో ఎవరు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో తేల్చేది చీటీలక్క. పంతొమ్మిదేళ్లుగా ఆ కిటికీ వెనకే ఉంది. ఎదురుగా మందుల కౌంటర్లో నేను. ఒకటో గదిలో ఇంగ్లీషు వైద్యం డాక్టరు, రెండో గదిలో మూలికల డాక్టరు. వచ్చినవాళ్లు రోగం చెప్పేలోపే ఆమె వాళ్ల మొహం చూసి చీటీ మీద గది నంబరు వేసేసేది.

"మొదటాయన కాగితాలు చూస్తాడు, రెండో ఆయన మనిషిని చూస్తాడు. గట్టి పిండాలు అటు, కంటతడి పెట్టేవాళ్లు ఇటు" అనేది. అందులో అబద్ధమేమీ లేదు. మొదటాయన నోరు తెరిస్తే కారం, రెండో ఆయన మాట వెన్నపూస. మేమంతా నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను, కాదనను.

ఆమెకు ఒక్కతే చెల్లెలు. తల్లి పోయాక తనే పెంచింది. ఎవరైనా గొంతు పెంచితే చాలు బెదిరిపోయే మనిషి. కడుపులో సలుపంటూ వస్తే, అక్క ఆలోచించకుండా రెండో నంబరు వేసింది.

"ఆ ముక్కోపి దగ్గరికి నిన్ను పంపుతానటే? ఒక్క కసురు కసిరితే అక్కడే కూలబడతావు."

రెండో ఆయన చెయ్యి పట్టుకుని అరగంట మాట్లాడాడు. "నీకేం లేదు తల్లీ, దిగులు, అంతే" అని పొడి పొట్లాలు రాసిచ్చాడు. చెల్లెలు నవ్వుతూ బయటికొచ్చింది. ఏడు నెలలు అలా నవ్వుతూనే వచ్చింది, మనిషి మాత్రం సగమైంది. పొట్లాలు కట్టిచ్చింది నేనే. అప్పుడు నా నోరేమైందని అడక్కండి.

ఒకరోజు చెల్లెలు నడవలో బెంచీ మీద కూర్చునుంటే, టీకి పోతున్న మొదటాయన ఆగాడు. కంటి కింది రెప్ప లాగి చూశాడు.

"కళ్లు ఇంత పచ్చబడితే ఈమెను అటు పంపిందెవరు?" అని నడవంతా వినబడేలా అరిచాడు.

"నేనే సార్. నా చెల్లెలు. మీరు కసురుతారని..."

"కసిరితే చచ్చేది కాదుగా!"

పరీక్షలయ్యాక చెల్లెలి ఎదుటే చెప్పాడు. "గడ్డ. ఏడు నెలల క్రితమైతే కోసి తీసేసేవాణ్ణి. ఇక ఇంటికి తీసుకుపో." ఆయన గురించి మేమనుకున్నదీ నిజమే.

చివరి వారం చెల్లెలు మూలికల డాక్టర్నే కలవరించింది. అక్క వెళ్లి కాళ్లావేళ్లా పడింది. ఆయన కళ్లు తుడుచుకుని, "నేను చూడలేనమ్మా, నా మనసు మెత్తన" అన్నాడు. రాలేదు.

"ఊళ్లో లేరటే" అని అక్క అబద్ధం చెప్పింది.

"పోనీలే. నన్ను మంచాయన దగ్గరికే పంపావక్కా. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ అంత బాగా పలకరించలేదు."

పెంచిన మనిషి ఆ మాట విని, తల దువ్వుతూ "అవునే" అంది.

చెల్లెలు పోయిన పదకొండో రోజుకు అక్క మళ్లీ కిటికీ వెనక కూర్చుంది. మొదట వచ్చినావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అక్క చెయ్యి అలవాటు కొద్దీ చీటీ మీద రెండు వేసింది. మరుక్షణం ఆ చీటీ పరపరా చింపేసింది.

"ఏడుపు తర్వాత. ముందు నొప్పెక్కడో చెప్పు!" అని కసిరింది.

ఆవిడ బెదిరిపోయి, చీటీ కూడా తీసుకోకుండా ఇంటిదారి పట్టింది.