టైమరుతో ఝాన్సీలక్ష్మి తగువు

ఝాన్సీలక్ష్మికి ఆలస్యమంటే ఒళ్ళుమంట. మనుషులు చేసినా సరే, వస్తువులు చేసినా సరే. కుక్కరు కూత వెయ్యకపోతే నడుముకి చేతులు పెట్టుకుని, "ఏటే, ఇంకా తెల్లారలేదా నీకు?" అని నిలదీస్తుంది. ఆమదాలవలస స్టేషన్లో రైలు ఆలస్యానికి చింతిస్తున్నామని మైకు అంటే, "సింత సరే, రైలేదీ?" అని మైకునే అడిగింది.

అలాంటి మరదల్ని ఏరికోరి తన ఇంటర్నెట్ ఆఫీసులో పెట్టుకున్నాడు హరిబాబు. ఏ ఇల్లు ఎంత నెట్ వాడుతోందో, టైమరు లేపినప్పుడల్లా నిమిషానికోసారి రాసే ప్రోగ్రాం ఆమె చేతికిచ్చాడు. మనశ్శాంతి పోగొట్టుకున్నాడు.

"బావా! నీ టైమరు నిద్దరోతన్నాది!"

"టైమరు నిద్దరోడమేటే?"

"నిమిషానికి లేవమంటే, సేతిలో పనంతా అయ్యాక అప్పుడు నిమిషం లెక్కెడతాది. మిషను బిజీగా ఉంటే ఇంకా లేటు. రెండు నిమిషాల వాడకం ఒక్క నిమిషం కింద రాసేస్తాది!"

"నిమిషం లేటైతే కొంపలు మునిగిపోతాయేటే?"

"మునుగుతన్నాయి! ఎక్కువ వాడేశారనుకుని నీ మిషను ఆ ఇంటి స్పీడు కోసేస్తన్నాది. తప్పు టైమరుది, శిక్ష ఇంటోళ్ళకి. ఇదేటి న్యాయం?"

"తర్వాత చూద్దాంలే," అన్నాడు హరిబాబు. అనకుండా ఉండాల్సింది. ఆ రోజంతా టైమరునీ బావనీ ఒకే గాటన కట్టి తిట్టింది. వేడి గారెలు తెప్పిస్తే ముట్టలేదు. తిడుతూనే సరిచేసింది. పనయ్యాక నిమిషం ఆగడం కాదు, గడియారం చూసుకుని వచ్చే నిమిషానికి లేవాలి. అప్పటికీ లేటైతే, వాడకాన్ని నిజంగా గడిచినంతసేపటికీ పంచి లెక్కకట్టాలి.

సాయంత్రం, తగువు తీరిందేమోనని తలుపు తీసిన హరిబాబు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఝాన్సీ నోరు మూసుకుని ఉంది! చేతులు మాత్రం ఫోను ముందు చకచకా తిరుగుతున్నాయి. ఫోనులో శ్రీముఖలింగం ఊరి వడ్రంగి దాలయ్య. పుట్టుకతో వినపడదు, మాట రాదు. ఆమధ్య నెట్ ఆగిపోతోందని ఆఫీసుకొచ్చి చేతులు తిప్పితే, అర్థంకాక "సర్లే సర్లే" అని పంపేసింది హరిబాబే.

"శ్రీకూర్మంలో సెల్లెలు కూర్మమ్మతో వీడియోలో మాటాడతాడు బావా. ఆవిడకీ ఇనపడదు. మాట మధ్యలో స్పీడు పోతే బొమ్మ బిగుసుకుపోతాది. ఆళ్ళకి సేతులాగిపోతే, నోరు నొక్కేసినట్టే కదా!" కోపంగానే చెప్పింది ఝాన్సీ. "ఇప్పుడు ఆగట్లేదంట."

"ఈ సైగలు నీకెప్పుడొచ్చాయే?"

"నువ్వు సర్లే అని పంపేసినప్పట్నించీ. ఆయనే నేర్పుతన్నాడు."

హరిబాబు లోపలికొచ్చాడు. "తప్పయిందని ఎలా చెప్పాలో చూపించు," అన్నాడు. చూపించింది. హరిబాబు ఫోను ముందుకొచ్చి శ్రద్ధగా చేతులు తిప్పాడు. దాలయ్య కడుపు పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు.

"ఏటన్నానే నేను?"

"గేదె ఈనిందన్నావు. పర్లేదు, మళ్ళీ సెప్పు."

హరిబాబు మళ్ళీ తిప్పాడు. దాలయ్య కళ్ళు తుడుచుకుని, రెండు చేతులతో ఏదో అడిగాడు.

"పెయ్యా, దున్నా అనడుగుతన్నాడు," అంది ఝాన్సీ.