పిడి లేని గాలం చక్రం

ఉప్పుగూడ రైల్వే స్టేషన్ వెనక గల్లీలో బాబురావు ఇల్లు ఎక్కడని అడిగితే, లేత్ మిషన్ చప్పుడు వినబడే ఇల్లని చెబుతారు. ఫ్యాక్టరీలో టర్నర్‌గా రిటైరయ్యాక ఆయన ఇంటిపట్టున హాయిగా కూర్చుంటాడని అందరూ అనుకున్నారు. ఆయనేమో పాత లేత్ ఒకటి కొనుక్కొచ్చి, స్కూటర్ పెట్టుకునే రేకుల షెడ్డులో దించాడు. అప్పటినుంచి స్కూటర్ వానకు తడుస్తోంది.

ఆ లేత్ మీద ఆయన చేసేవి చేపల గాలానికి బిగించే చక్రాలు. తంగూసు దారం చుట్టుకునే గుండ్రటి బిళ్ల, దాని నడుమ ఒక ఉక్కు ఇరుసు, పక్కన తిప్పడానికి చిన్న పిడి. పళ్లచక్రాలు, స్ప్రింగులు ఏమీ ఉండవు. చేప లాగితే చక్రం తిరుగుతుంది, అంచు మీద బొటనవేలు ఆనిస్తే ఆగుతుంది. చెప్పడానికి ఇంతే.

ఈ పిచ్చి ఆయనకు అఫ్జల్‌గంజ్‌లో పట్టుకుంది. గాలం సామాన్లు అమ్మే ప్రహ్లాద్ దుకాణంలో, వాళ్ల తాత కాలం నాటి ఇత్తడి చక్రం ఒకటి అద్దాల బీరువాలో ఉండేది. బాబురావు దాన్ని వేలితో అలా తాకాడు. ప్రహ్లాద్ ఒక గిరాకీతో బేరమాడి పంపేశాక కూడా అది ఇంకా తిరుగుతూనే ఉంది.

"గిది అమ్ముతవా భాయ్?"

"తాత నిషానీ అన్నా, అమ్మేది లేదు. కావాల్నంటే చూసి చేస్కో," అని నవ్వాడు ప్రహ్లాద్.

నవ్వులాటకన్న మాటను బాబురావు ఆర్డరుగా తీసుకున్నాడు. మొదట చేసిన చక్రం వంకరగా ఊగింది. తర్వాతది ఎంత జోరుగా తిరిగిందంటే, దారమంతా చిక్కుపడి భార్య సుందరమ్మ కత్తెర తేవాల్సి వచ్చింది. అల్యూమినియం రజను పక్కబట్టల్లోకి కూడా చేరింది. "అన్నంల గిట్ల వచ్చిందనుకో, వంట నువ్వే చేస్కోవాలె," అని ఆమె ఖరాకండిగా చెప్పేసింది. ఇరుసును ఎంత నున్నగా రుద్దాలో, బిళ్లలో ఎక్కడ రంధ్రాలు వేస్తే బరువు తగ్గుతుందో తెలిశాకగానీ చక్రం ఆయన మాట వినలేదు.

ఆ చక్రాలతో ఆదివారాలు చెరువు గట్టున కూర్చునేది బాబురావు, లక్ష్మయ్య. లక్ష్మయ్య అదే ఫ్యాక్టరీలో ఫిట్టర్. నిరుడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది, కుడిచెయ్యి లేస్తోంది, కానీ వేళ్లు ముడుచుకోవు. ఒకరోజు గాలం తెచ్చి బాబురావు చేతిలో పెట్టాడు.

"పిడి పట్టనీకె రాదు. నాకెందుకురా ఇగ, నువ్వే పెట్టుకో."

ఆ పూట కంచం ముందు కూర్చుని బాబురావు లక్ష్మయ్య మాట చెప్పాడు. సుందరమ్మ జొన్నరొట్టె కొడుతూ సంగతంతా విన్నది.

"చెయ్యి లేస్తది గదా?"

"లేస్తది. పిడి పట్టాలంటే వేళ్లు ముడవాలె."

"రొట్టె కొట్టనీకె వేళ్లు ముడవాల్నా?" అంటూ ఆమె రొట్టెను అరచేత్తో చరిచి ఒక చుట్టు తిప్పింది.

బాబురావు కంచం ముందునుంచి లేచి షెడ్డులోకి పోయాడు. పిడి లేని చక్రం చేశాడు. అంచు వెడల్పు పెంచి, చెయ్యి జారకుండా గరుకు గీతలు పెట్టాడు. అరచేత్తో ఒక్క చరుపు చరిస్తే దారం సర్రున చుట్టుకునేది.

దాన్ని చూసి లక్ష్మయ్య మొహం ముడుచుకున్నాడు. "నా మీద జాలా?"

"జాలేంది? ఫిట్టర్‌వి గదా, ఊగుతున్నదేమో చూడమని తెచ్చిన. చూడనంటే చెప్పు, తీస్కపోత."

లక్ష్మయ్య అయిష్టంగానే ఒకసారి చరిచాడు. అది తిరిగింది. ఆగేదాకా చూశాడు. మళ్లీ చరిచాడు. కాసేపటికి బాబురావు అక్కడున్న సంగతే లక్ష్మయ్య మర్చిపోయాడు.

ఆ ఆదివారం లక్ష్మయ్య ఎడమచేత్తో గాలం పట్టి, దాని మొదలు పొట్టకు ఆనించుకుని గట్టున కూర్చున్నాడు. పొద్దెక్కాక బెండు మునిగింది. చక్రం గిర్రున తిరిగింది. అరచెయ్యి అంచుకు ఆనించాడు, చేప ఆగింది. చరిచాడు, దగ్గరికొచ్చింది. మళ్లీ ఉరికింది, మళ్లీ ఆనించాడు. గట్టు మీద వాళ్లంతా గాలాలు వదిలేసి చుట్టూ చేరారు. "కొట్టు బాపూ, కొట్టు!" అని ఒకటే లొల్లి. బాబురావు చేతివల పట్టుకుని ప్యాంటుతోనే మోకాళ్ల లోతు నీళ్లలో దిగాడు.

తీరా వలలో పడింది జానెడు బొచ్చె పిల్ల.

"గింత చేపకు గంత లొల్లా!" అన్నాడెవడో. లక్ష్మయ్య పగలబడి నవ్వాడు, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. దాన్ని తిరిగి చెరువులో వదిలెయ్యమన్నాడు. తర్వాత చక్రం మీద చెయ్యి వేసి, ఫిట్టర్ గొంతుతో మొదలుపెట్టాడు.

"బాబురావ్, ఇరుసు కొంచెం లూజున్నదిరా. సరిజేసి తేపో. వచ్చే ఆదివారం పెద్దది పడితే ఆగది."

బాబురావు తడి ప్యాంటు పిండుకుంటూ సరేనన్నాడు.